రాజమండ్రిని దాటేయకండి: పాత ఊరు, పాపికొండలు, మారేడుమిల్లి నడక

మా కోనసీమ నుంచి పాపికొండలకి వెళ్లేవాళ్లు చాలామంది తెల్లవారుజామునే బయల్దేరి, రాజమండ్రిలో టిఫిన్ చేసి, లాంచీ ఎక్కి, రాత్రికి ఇంటికొచ్చేస్తారు. ఒక్క రోజులో పనైపోతుంది, నిజమే. కానీ ఆ లెక్కలో రాజమండ్రి పోతుంది, కొండల్లో నడక పోతుంది, మిగిలేది లాంచీలో పాటల మోత. అందుకే ఈసారి మేం ఊరికి వేరే, నదికి వేరే, అడవికి వేరే సమయం పెట్టుకున్నాం. సంక్రాంతి జనం తగ్గాక, పనిదినాలు చూసుకుని బయల్దేరాం. అత్తయ్యగారు, మా ఆయన, ఇంటర్ చదివే మావాడు, నేను. అత్తయ్యగారు రిటైరైన తెలుగు టీచరు. ఆవిడకి వీరేశలింగంగారి ఇల్లు చూడాలనుంది, మోకాళ్లు మాత్రం సహకరించవు. మావాడికి ఇళ్లూ మ్యూజియంలూ అక్కర్లేదు, జలపాతాలు చాలు. వీళ్లిద్దరికీ కుదిరిందంటే ఈ ప్లాను చాలా ఇళ్లకి కుదురుతుందనుకుంటాను.

రావులపాలెం నుంచి జొన్నాడ మీదుగా హైవే పట్టుకుంటే తొందరగా చేరతారు. మేం కాలవగట్టు దారిలో లొల్ల, ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా వెళ్లాం. రోడ్డు ఇరుకు, ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే దిగి సర్దుకోవాలి. అయినా నా ఓటు ఈ దారికే. లొల్ల లాకుల దగ్గర కాసేపు ఆగొచ్చు, రోడ్డు పక్కన తంపటి వేసిన తేగలు దొరుకుతాయి. ఆత్రేయపురంలో పూతరేకులు వెళ్లేటప్పుడు కొనకండి, మీరు కొండలెక్కి దిగేసరికి డబ్బాలో పొడే మిగులుతుంది. వచ్చేటప్పుడు కొనుక్కోండి.

బొబ్బర్లంక నుంచి బ్యారేజీ ఎక్కితే ధవళేశ్వరం దాకా ఎడమవైపు సముద్రంలా నీళ్లు, కుడివైపు ఇసుక. గోదావరికి అడ్డంగా కాటన్ దొర ఆనకట్ట కట్టింది 1847, 1852 మధ్యలో. ఇప్పుడు మనం దాటేది దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. ఇక్కడి కాటన్ మ్యూజియం చాలామంది స్కూలు పిల్లల ఎక్స్‌కర్షన్‌కే అనుకుంటారు. నిజానికి డెల్టా వాళ్లం అందరం చూడాల్సిందే. ఆనకట్ట నమూనాలు, అప్పటి ఫొటోలు, పనికి వాడిన యంత్రాలు ఉన్నాయి. ఆనకట్టకి ముందు గోదావరి జిల్లాలో కరువులెలా ఉండేవో చదివాక మావాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మామ్మా, మన కాలవ ఇక్కణ్ణుంచేనా వచ్చేది?" అనడిగాడు. "ఇక్కణ్ణుంచే నాన్నా. స్నానం సంకల్పంలో కాటన్ దొరని తలుచుకునే పంతుళ్లు ఇప్పటికీ ఉన్నార్రా" అన్నారు అత్తయ్యగారు. బోర్డులు కొన్ని వెలిసిపోయాయి, కొన్ని గదుల్లో వెలుతురు చాల్లేదు. టికెట్టు మాత్రం నామమాత్రమే.

రాజమండ్రిలో బస గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. బస్సులూ రైళ్లూ పట్టుకోవాలంటే స్టేషన్ రోడ్డు వైపు లాడ్జీలు చవక. కానీ రాత్రంతా హారన్లు, ఆడవాళ్లు వెంట ఉంటే బాత్రూమ్ చూడకుండా డబ్బు కట్టకూడదు. దానవాయిపేట, తిలక్ రోడ్డు వైపు మధ్యస్థం హోటళ్లు శుభ్రంగా ఉంటాయి, కారు పెట్టుకోను చోటుంటుంది. మేం ముందు ఫోన్లో బుక్ చేసుకున్న హోటల్ వాళ్లు "గోదావరి కనబడుతుందండి" అన్నారు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు ఏసీ డబ్బాలు, వాటి సందులోంచి బెత్తెడు నీళ్లు. ఆ బెత్తెడుకి ఎక్కువ రేటు. మా ఆయన గొడవ పడకుండా మామూలు గదికి మార్పించారు, తేడా డబ్బులు తిరిగిచ్చారు. నది చూడ్డానికి గది అక్కర్లేదు. ఘాట్లు అన్నీ నడిచేంత దూరంలోనే ఉన్నాయి, అక్కడ కూర్చోడానికి డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. గది ఊరి మధ్యలో తీసుకోండి, ఆటో ఖర్చు తగ్గుతుంది.

ఊరు చూడ్డానికి పొద్దున్నే బయల్దేరాలి. పుష్కర్ ఘాట్ నుంచి కోటిలింగాల రేవు వైపు గట్టు మీద నడుస్తూ వంతెనలు చూడాలి. అన్నిటికన్నా పాతది హేవలాక్ వంతెన. 1900లో రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగాయి. 56 స్పాన్లు, రెండు కిలోమీటర్ల ముప్పావు పొడవు. దాన్ని నడక వంతెనగా మారుస్తారన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాం. పక్కన విల్లుల వరసతో కనిపించేది 1997 నాటి రైలు వంతెన, ఒక్కో విల్లూ దాదాపు 97 మీటర్లు. ఇంకాస్త ఎగువన కింద రైలు, పైన రోడ్డుతో 1974 నాటి వంతెన. 2015లో వచ్చిన నాలుగోదాని మీద లారీలన్నీ కొవ్వూరు వైపు పోతాయి. నిలబడి చూస్తుంటే నూరేళ్లకు పైబడిన ఇంజినీరింగంతా ఒకే చోట కనిపిస్తుంది. ఈ ఊరికి ఇంతకన్నా మంచి మ్యూజియం లేదని నాకనిపిస్తుంది, టికెట్టు కూడా లేదు.

రాజరాజ నరేంద్రుడి పేరు మీదే ఊరు, ఆయన కొలువులోనే నన్నయ భారతం మొదలుపెట్టారు. పదకొండో శతాబ్దం. అయితే ఆ కోటలూ రాజభవనాలూ చూద్దామని వస్తే నిరాశే. కోటగుమ్మం పేరు మిగిలింది, కోట లేదు. ఇక్కడ చూడాల్సింది ఇప్పటికి నూటయాభై ఏళ్ల లోపు రాజమండ్రి. వీరేశలింగంగారిది, చిత్రకారుడు దామెర్ల రామారావుగారిది, గ్రంథాలయాలది.

వీరేశలింగంగారి ఇల్లు సందులో ఉంటుంది, ఆటో అతణ్ణి అడిగితే తీసుకెళ్తాడు. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం ఇక్కడే జరిగింది. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఊరు ఊరంతా వెలివేస్తామన్న రోజుల్లో, పెళ్లికి వంటవాళ్లు కూడా రాని పరిస్థితిలో, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా వంట చేశారట. ఆ మాట చెప్తూ అత్తయ్యగారు వంటింటి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడిపోయారు. "అందరూ పంతులుగారి పేరే చెప్తారమ్మాయ్. నీళ్లు మోసిందీ పొయ్యి ఊదిందీ ఆవిడే" అన్నారు. ఇల్లు చిన్నది, పావుగంటలో తిరిగేయొచ్చు. ఇల్లు పరిరక్షణ ఇంకా బాగుండొచ్చు, గోడల్లో చెమ్మ కనిపిస్తోంది. ఆయన కట్టించిన టౌన్ హాలు, ఆయనా రాజ్యలక్ష్మమ్మగారూ విశ్రమించిన ఆనంద గార్డెన్ కూడా కలుపుకుంటే పూట సరిపోతుంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఈ ఊరి మునిసిపల్ చైర్మన్‌గా పనిచేసిన సంగతి మావాడికి ఆ పూటే తెలిసింది. వాళ్ల టెక్స్టుబుక్కులో టంగుటూరంటే తుపాకీకి గుండె చూపించినాయనే.

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా నచ్చిన చోటు. 1897లో పుట్టారు, 1925లో మశూచితో పోయారు. ఇరవయ్యెనిమిదేళ్లు కూడా నిండలేదు. అంత తక్కువ కాలంలో ఆ బొమ్మలన్నీ ఎప్పుడు వేశారో అనిపిస్తుంది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయనలో పనితనం గుర్తించి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి వెళ్లేలా చేశారు. 'సిద్ధార్థ రాగోదయం' బొమ్మ ముందు నిలబడితే ఆడవాళ్ల చీరకట్టు, చేతుల వంపు, అన్నీ మన ఊళ్లవే అనిపిస్తాయి. మేం వెళ్లినప్పుడు లోపల మేం నలుగురమే. ఫ్యాన్లు కూడా మా కోసమే వేశారు. బొంబాయిలోనో ఢిల్లీలోనో ఉంటే క్యూలు కట్టేవాళ్లు.

గౌతమీ గ్రంథాలయానికి పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్లు వెళ్లాలి, లేనివాళ్లకి బీరువాలు తప్ప ఏమీ కనిపించదు. 1898లో నాళం కృష్ణారావుగారు కుర్రతనంలోనే పెట్టిన వసురాయ గ్రంథాలయం దీనికి మూలం. తాళపత్రాలున్నాయి, పాత పత్రికలున్నాయి. అత్తయ్యగారిని అక్కడ వదిలి మేం కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగడానికి వెళ్లాం. దశాబ్దాలుగా పేరున్న రోజ్ మిల్కే గానీ నాకు తీపి ఎక్కువనిపించింది. మావాడు రెండో గ్లాసు కూడా తాగాడు కాబట్టి నా మాట పట్టించుకోకండి. మ్యూజియంలకీ గ్యాలరీలకీ వారంలో సెలవు ఉంటుంది, అదీ ఒక్కోదానికి ఒక్కో రోజు. ముందు ఫోన్ చేసుకుంటే ఎండలో తిరుగుడు తప్పుతుంది.

సాయంత్రం పుష్కర్ ఘాట్‌లో గోదావరి హారతి. చూడ్డానికి బాగుంటుంది, మైకు మాత్రం చెవులు పగిలేలా పెడతారు. మెట్లు నాచు పట్టి ఉంటాయి, పెద్దవాళ్లని నీళ్ల దాకా దింపకండి. 2015 పుష్కరాల తొలి రోజు తొక్కిసలాట జరిగింది ఈ ఘాట్‌లోనే. 27 మంది పోయారు. జనం ఎక్కువున్న రోజైతే పై మెట్ల మీంచే చూసి వచ్చేయడం మేలు.

ఇక లాంచీ. పోలవరం పనుల వల్ల ఇప్పుడు లాంచీలు కట్టకి ఎగువన, గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి కదులుతాయి. రాజమండ్రి నుంచి అక్కడికి బస్సు, లాంచీ టికెట్టు, టిఫిను, భోజనం కలిపే అమ్ముతారు. మనిషికి వెయ్యి రూపాయలు దాటుతుంది. మా సొంత కారులో వెళ్తాం, లాంచీ టికెట్టు మాత్రమే ఇవ్వండంటే తగ్గించేవాళ్లూ ఉన్నారు, తగ్గించనివాళ్లూ ఉన్నారు. అడగండి. పర్యాటక శాఖ లాంచీలున్నాయి, ప్రైవేటువీ ఉన్నాయి. ఏ లాంచీ అన్నది ముందే రాయించుకోండి. మాకు డబ్బు కట్టించుకున్న ఏజెంటు ఒక లాంచీ పేరు చెప్పాడు, రేవులో ఎక్కించింది ఇంకోటి. ఫొటోలో చూసిన కుర్చీలు లేవు, ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. "అన్నీ ఒకటేనండి, ఎక్కండి అమ్మగారూ" అన్నాడు. ఒకటే కాదు.

భద్రత విషయంలో మాత్రం మార్పు కళ్లకి కనిపిస్తుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందం దగ్గర లాంచీ మునిగి యాభై మంది దాకా పోయారు. నది వరద మీదున్న రోజది. ఆ తర్వాత చాలాకాలం ఇక్కడ పర్యాటక లాంచీలే తిరగలేదు. ఇప్పుడు ఎక్కే ముందు ఆధార్ చూసి పేర్లు రాసుకుంటున్నారు, తలలు లెక్కపెడుతున్నారు, రేవులో కంట్రోల్ రూమ్ ఉంది, వరద వస్తే లాంచీలు ఆపేస్తున్నారు. లైఫ్ జాకెట్ వేసుకుంటే గాని కదలదు. ఎండ ఎక్కేసరికి మా ముందు సీట్లో ఒకాయన జాకెట్ విప్పి కుర్చీకి తగిలించారు. లాంచీ నడిపే సరంగు దగ్గరుండే కుర్రాడు వచ్చి, "ఆయ్, అలా కుదరదండి బాబాయిగారూ, మీరేసుకునేదాకా లాంచీ ఆపేస్తారండి" అని నవ్వుతూనే చెప్పి వేయించాడు. ఆ కుర్రాడికి మా ఆయన దిగేటప్పుడు టీ డబ్బులిచ్చారు.

గండిపోచమ్మ దాటాక మొదట కనిపించేవి కొండలు కాదు, మునిగిన ఊళ్లు. దేవీపట్నం వైపు గోడలు, పైకప్పు లేని ఇళ్లు, నీళ్లల్లో నిలబడి ఎండిన చెట్లు. పోలవరం పనుల కోసం తాత్కాలిక కట్ట, కాఫర్ డ్యామ్, కట్టినప్పట్నుంచీ ఎగువన నీళ్లు నిలుస్తున్నాయి, ప్రతి వరదకీ ఇళ్లు మునిగాయి, చాలామందిని పునరావాస కాలనీలకి తరలించారు. లాంచీలో అనౌన్సరు అక్కడ ఏ సినిమా షూటింగ్ జరిగిందో చెప్పాడు గానీ ఆ ఊళ్ల పేర్లు చెప్పలేదు. మా వెనక కూర్చున్న పెద్దాయనది ఆ చుట్టుపక్కల ఊరే. అడిగితే ఒక్కో గట్టూ చూపించి చెప్పారు, ఇది సంత జరిగే చోటు, ఇది బడి అని. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. అంతెత్తున నీళ్లు నిలిస్తే ఈ గట్లేవీ ఉండవు. కొండలుంటాయి, వాటి మధ్య నది దూరి వచ్చే గండి వెడల్పవుతుంది. ఇప్పుడు చూస్తున్న రూపంలో చూడాలనుకునేవాళ్లు వాయిదా వెయ్యకండి.

అసలు గండి లోపలికి వెళ్లాక చెప్పాల్సిందేమిటంటే, ఫొటోలు దాన్ని పట్టలేవు. రాజమండ్రి దగ్గర రెండు కిలోమీటర్ల ముప్పావు వంతెన కట్టాల్సొచ్చిన నది, ఇక్కడ రెండు కొండల మధ్య నుంచి ఒదిగి వస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కూడా ఈ సందులోంచే రావాలి కదా. మా ఇంట్లో ఆ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద గీత ఉండేదని అత్తయ్యగారు చెప్పారు. ఆ గీతకీ ఈ గండికీ సంబంధం నాకు అక్కడ కూర్చున్నప్పుడే తట్టింది. కొండల మీద వెదురు, అక్కడక్కడా పోడు చేసిన బోడి మచ్చలు, గట్టున నాటు పడవలు. నీళ్లు కదులుతున్నట్టే ఉండవు, లోతు మాత్రం చాలా ఎక్కువట.

ఇంత మంచి చోట స్పీకర్లు ఎందుకో నాకర్థం కాదు. పాట, దానికి డాన్సు, మధ్యలో అంత్యాక్షరి. పిల్లలు సరదా పడతారు, కాదనను. మేం కింది అంతస్తులో ముందు భాగానికి మారాం, అక్కడ మోత తక్కువ, గాలి ఎక్కువ. ఎక్కగానే అక్కడ చోటు పట్టుకోండి. భోజనం గురించి పెద్దగా చెప్పుకోడానికి లేదు: పప్పు చల్లారింది, కూర నూనె, పెరుగు బాగుంది. టాయిలెట్ ఉంది, మధ్యాహ్నానికి వాడుకునేలా ఉండదు. ఆడవాళ్లు పేరంటాలపల్లిలో దిగినప్పుడు చూసుకోవడం నయం.

పేరంటాలపల్లిలో లాంచీ ఆపుతారు. పైన శివాలయం, పక్కనే బాలానంద స్వామి నెలకొల్పిన ఆశ్రమం, దాని వెంట కొండ మీంచి దిగే సెలయేరు. రేవు నుంచి ఎక్కడం కాస్త నిట్టనిలువే. అత్తయ్యగారు ఆగి ఆగి ఎక్కారు, సెలయేటి నీళ్లల్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. లోపల మాట్లాడకూడదన్న నియమం ఉంది, లాంచీ జనం కూడా పాటించారు, అదే ఆశ్చర్యం. దారి పొడవునా కొండరెడ్ల ఆడవాళ్లు వెదురుతో చేసిన పూలు, బుట్టలు అమ్ముతున్నారు. బేరం ఆడకండి. అంత పనికి వాళ్లు అడిగేది తక్కువే. నేను కొన్న వెదురు బుట్టలో ఇప్పుడు ఉల్లిపాయలు పోసుకుంటున్నాం.

ఇక్కడ చిక్కేమిటంటే నడవడానికి సమయం ఇవ్వరు. సెలయేటి వెంట పైకి పోదామని మావాడు నాలుగడుగులు వేశాడో లేదో, లాంచీ కూత పెట్టింది. చీకటి పడకుండా తిరిగి రేవు చేరాలన్న నియమం మంచిదే, వాళ్లని తప్పుపట్టలేం. పైగా ఇదంతా 2008లో ప్రకటించిన పాపికొండల నేషనల్ పార్కు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అటవీ శాఖ అనుమతి లేకుండా ఎక్కడపడితే అక్కడ అడవిలోకి దూరకూడదు. నది ఒడ్డున గుడిసెల్లో రాత్రి బస అని ప్యాకేజీలు అమ్ముతుంటారు, ఆ రోజుకి అవి నిజంగా నడుస్తున్నాయో లేదో పర్యాటక శాఖ కౌంటర్లో కనుక్కున్నాకే డబ్బు కట్టండి. నీటిమట్టంతో పాటు అవీ మారిపోతుంటాయి.

అందుకే నడక కోసం మేం మారేడుమిల్లి వెళ్లాం. గోకవరం, రంపచోడవరం మీదుగా దారి. రంపచోడవరం దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది, ఫోన్ సిగ్నల్ వచ్చీ పోతూ ఉంటుంది. పెట్రోలు, నగదు రెండూ ముందే చూసుకోవాలి. మేం అటవీ శాఖ ఆధ్వర్యంలో ఊళ్లవాళ్లు నడిపే కాటేజీలో దిగాం. గది మామూలుగా ఉంటుంది, టీవీ లేదు, వేడినీళ్లు బకెట్టుతో తెచ్చిస్తారు. దుప్పట్లు ఉతికినవే. రాత్రి చలి మా డెల్టా వాళ్లకి గట్టిగానే తగులుతుంది, స్వెట్టరూ శాలువా ఉండాల్సిందే. ప్రైవేటు రిసార్టుల్లో ఈత కొలను, డీజే, రంగు లైట్లు ఉన్నాయి, రేటు రెట్టింపు పైనే. పక్క రిసార్టు డీజే రాత్రి పదకొండు దాకా మాకూ వినిపించింది. అడవికి వచ్చి ఈత కొలను ఎందుకన్నది మా ఆయన ప్రశ్న. చిన్నపిల్లలున్నవాళ్లకి అదే సుఖమేమో, ఎవరిష్టం వాళ్లది. దోమల మందు మాత్రం ఎక్కడ దిగినా పట్టుకెళ్లాలి, ఏజెన్సీలో మలేరియా మాట తేలిగ్గా తీసుకోకూడదు.

భద్రాచలం రోడ్డులో వెళ్తే అమృతధార జలపాతం వస్తుంది. రోడ్డు పక్కన కారు పెట్టి, టికెట్టు తీసుకుని లోపలికి నడవాలి. కింది జలపాతం దాకా దారి బాగుంది, అత్తయ్యగారు కర్ర పట్టుకుని అక్కడిదాకా వచ్చారు. పై జలపాతానికి మాత్రం రాళ్ల మీంచి, వేళ్లు పట్టుకుని ఎక్కాలి. ఊరి కుర్రాడొకడు మాకు తోడొచ్చాడు. తడి రాయి మీద ముందు మడమ పెట్టాలా, మునివేళ్లా అన్నది అతను చెప్తేగాని తెలియలేదు: పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, ఆగకూడదు. జనవరి కాబట్టి నీళ్లు సన్నగా ఉన్నాయి. దసరా అప్పుడైతే ఆ రాళ్ల మీద నిలబడలేమన్నాడు. ఫోర్సు కావాలంటే అక్టోబరు, నవంబరు. మోకాళ్లు కావాలంటే జనవరి. దారిలో కొమ్మ మీద బెట్టుడుత, అంటే పెద్ద అడవి ఉడుత, కనిపించింది, పిల్లి అంత ఉంది, తోక అంతకన్నా పొడవు. మావాడు ఫోన్ తీసేలోగా వెళ్లిపోయింది. నడక మొత్తంలో మాకు ఎదురైన జనం పది మంది లోపే. ఈ ప్రయాణంలో నాకు బాగా గుర్తున్న పూట ఇదే. గండిని లాంచీలోంచి చూసినప్పుడు బొమ్మ చూసినట్టుంది. ఆ కొండల్లోకి కాళ్లతో వెళ్లాకే వాటి ఎత్తు, వాసన, చెమట తెలిశాయి.

రంప జలపాతం రంపచోడవరానికి దగ్గర్లోనే ఉంది, తిరుగుదారిలో చూశాం. కింద పాత శివాలయం ఉంది, రెడ్డిరాజుల నాటిదంటారు. గుడి బాగుంది, అక్కడి నుంచి జలపాతానికి నడక తేలికే. కానీ చెత్త. బిర్యానీ ప్యాకెట్లు, సీసా ముక్కలు. చెప్పులు విప్పకండి. 1879లో తెల్లవాళ్ల మీద తిరగబడ్డ రంప ఇదే, ఆ సంగతి చెప్పే మంచి బోర్డు ఒకటి గట్టిగా పెట్టినా బాగుండేది.

గుడిస గురించి అందరూ అడుగుతారు. తెల్లవారుజామున జీపులో వెళ్లి, గడ్డి కొండ మీద మబ్బులు చూసి రావడం. మేం వెళ్లాం. మబ్బులు నిజంగానే కాళ్ల కింద ఉన్నాయి. వాటితో పాటు వందలమంది జనం, రీల్స్, డ్రోన్ల చప్పుడు. జీపు ఖర్చు నలుగురైదుగురు పంచుకుంటేనే గిట్టుతుంది, రోడ్డు నడుము విరగ్గొడుతుంది. పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు. అత్తయ్యగారు కాటేజీలో ఉండిపోయి, వంటావిడతో కబుర్లు చెప్పి, జీలుగు కల్లు ఎలా తీస్తారో మొత్తం తెలుసుకున్నారు. నన్నడిగితే లాభపడింది ఆవిడే.

బొంగులో చికెన్ తినకుండా ఎవరూ రారు. ముక్కలకి కారం, మసాలా పట్టించి, నూనె లేకుండా పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద కాలుస్తారు. హైవే పక్కన బోర్డు పెట్టిన ప్రతి చోటా ఉంది. ముందే కాల్చి పెట్టిన బొంగు కాదు, మన కళ్ల ముందు కూరిందే తీసుకోండి. అరగంట పైనే పడుతుంది, ఆకలి మీద వెళ్లకండి. ధర చెప్పేటప్పుడు ఒక బొంగులో ఎంత కోడి వేస్తారో కూడా అడగండి, అక్కడే తేడా వస్తుంది. మొదటి చోట మాకు ఎముకలే ఎక్కువొచ్చాయి, రెండో చోట ఒక అక్క చేసింది అద్భుతం. తేనె, చింతపండు, కుంకుడుకాయలు గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొన్నాం. రోడ్డు పక్క సీసాల్లో అమ్మే తేనె మీద నాకు నమ్మకం లేదు.

మీకు ఒకే రోజు ఉంటే లాంచీ వద్దు, రాజమండ్రి ఊరే తిరగండి, గ్యాలరీ మానకండి. రెండు రోజులుంటే ఊరు, లాంచీ. మూడు దాటితేనే మారేడుమిల్లి, అదీ గుడిస బదులు అమృతధార పెట్టుకోండి. శని ఆదివారాలు, కార్తీక మాసం అంతా వదిలేస్తే రేట్లూ జనమూ సగానికి దిగుతాయి. వర్షాకాలంలో లాంచీలు ఉండవు కాబట్టి జూలై నుంచి దసరా దాకా ఈ ప్లాను వెయ్యకండి. ఆ రోజుల్లో పులస కోసం వచ్చేవాళ్లు వేరే, వాళ్లకి నా సలహా అక్కర్లేదు. 2027లో మళ్లీ పుష్కరాలు. ఘాట్ల దగ్గర పనులు, రద్దీ పెరుగుతాయి, గదుల ధరల సంగతి చెప్పక్కర్లేదు. పాత ఊరు తీరిగ్గా తిరగాలంటే ఆ హడావిడి మొదలవక ముందే ఒక శీతాకాలం చూసుకోండి, లాంచీకి మాత్రం వారం ముందు టికెట్టు తీసుకుని, రాత పూర్వకంగా లాంచీ పేరు వేయించుకోండి.